ఎడమ చెవి హెలిక్స్: 11 నెలల కేసు

క్లయింట్ వయసు 22. పాత బరంపురంలో ఇల్లు, ఊరి అవతలి కొసన ఒక ఆఫీసులో అకౌంట్స్ పని, రోజూ స్కూటీ మీద రాకపోకలు. షుగర్ లేదు. రక్తం పలచబడే మందులేవీ వాడటం లేదు. గిల్టు నగలు పెట్టుకుంటే మెడ దగ్గర దురద పెడుతుందని ఫారంలో రాసింది. కావలసింది ఎడమ చెవికి ఒక హెలిక్స్, అంటే చెవి పై అంచు మడత మీద ఒక కన్నం. చెవులు కుట్టడం నా పని. ఈ కేసు రాయడానికి ఆ అమ్మాయి ఒప్పుకుంది. ఆనవాలు పట్టే వివరాలు మాత్రం తీసేశాను.

స్కూటీ సంగతి మొదటి రోజే ఫారంలో ఉంది. చదివాను, పక్కన పెట్టాను. రెండు నెలల తర్వాత మాకు వచ్చిన టెన్షన్ అంతా ఆ ఒక్క లైనులోనే ఉందని అప్పుడు నాకు తట్టలేదు.

మొదటి రోజు

వచ్చింది ముగ్గురు: అమ్మాయి, వాళ్లమ్మ, నాయనమ్మ. ఇంట్లో తెలుగు, గడప దాటితే ఒడియా మాట్లాడే కుటుంబం. మా ఊళ్లో ఇలాంటి ఇళ్లు ఎన్నో ఉన్నాయి, మాదీ అలాంటిదే. నాయనమ్మది ఇచ్ఛాపురం పక్క పల్లె. ఫారం నింపుతుంటే ఆవిడకు విసుగొచ్చింది.

"చెవి కుట్టడానికి ఇన్ని కాయితాలేటమ్మా? మా ఊర్లో కంసాలొచ్చి బంగారు తీగతో పొడిచీసి, చేతిలో బెల్లమ్ముక్క ఎట్టీవోడు."

"మా తాతగారూ కంసాలే మామ్మగారూ. ఆయనా అలాగే కుట్టేవారు" అన్నాను. నిజమే. పసిపిల్లల చెవి తమ్మెల మీద కుంకుమ చుక్క పెట్టి, మొన సాగదీసిన తీగను ఒక్క పోటున దించి, వెంటనే మెలితిప్పేసేవారు. ఆ చేతివాటం చూస్తూ పెరిగాను కాబట్టే ఈ పనిలోకి వచ్చాను. అయితే తాతగారు తమ్మె దాటి పైకి వెళ్లేవారు కాదు. పైన కుట్టమని ఎవరైనా అడిగితే ఎండాకాలం పోనివ్వండి, చూద్దాం అనేవారు. చూసేవారు కాదు.

నాయనమ్మ మాత్రం పైన కూడా కుట్టించుకున్న మనిషి. కొంగు సర్దుకుని కుడి చెవి చూపించింది. పై అంచున చిన్న గుంటలా పూడుకుపోయిన పాత కన్నం. బావిలీ అనే చెవి నగ పెట్టుకున్న చోటు అది. మానడానికి ఎన్నాళ్లు పట్టిందని అడిగాను. "ఏడాది. ఆ వైపు తలగడ మీద పడుకోనిచ్చీది కాదు మా అత్త. మాట వినకపోతే నేపి మరీ తిప్పీది" అంది.

హెలిక్స్ గురించి నేను అరగంట చెప్పే మాటల్లో సగం ఆవిడ రెండు ముక్కల్లో చెప్పేసింది. మిగతా సగం చెప్పడానికి అమ్మాయి చెవినే నా వేళ్ల మధ్య పట్టుకున్నాను. కింద తమ్మె మెత్తటి కండ, కొవ్వు. దానికి రక్తం పుష్కలంగా అందుతుంది, అందుకే 6 నుంచి 8 వారాల్లో చాలావరకు మానుతుంది. పైన చేతికి గట్టిగా తగిలేది కార్టిలేజ్. దానికి సొంత రక్తనాళాలు లేవు. మీద అతుక్కుని ఉండే పల్చటి పొర నుంచి ఊరే తిండితోనే అది బతుకుతుంది. ఆ పొర పేరు పెరికాండ్రియం. ఆ పొరకూ కార్టిలేజ్‌కూ మధ్య చీము చేరిందంటే కార్టిలేజ్‌కు తిండి ఆగిపోతుంది, అది చచ్చిపోయి చెవి ముడుచుకుపోతుంది. హెలిక్స్ మానడానికి 6 నెలల నుంచి ఏడాది పట్టేది కూడా ఈ రక్తం అందని తనం వల్లే.

ఇది భయపెట్టడానికి చెప్పలేదు. కొన్నేళ్ల కిందట కాలేజీ కుర్రాడొకడు నా దగ్గరికి వచ్చాడు. ఎక్కడో ఫ్యాన్సీ షాపులో చెవి పైన కుట్టించుకుని వారమైంది. చెవి డిప్ప అంతా ఎర్రగా ఉబ్బి మెరుస్తోంది, తమ్మె మాత్రం మామూలుగా ఉంది. తమ్మె వదిలేసి పైనంతా వాచిందంటే అది పెరికాండ్రైటిస్, అంటే ఆ పొరకు పట్టే ఇన్ఫెక్షన్, అని అనుమానించాలి, ఎందుకంటే తమ్మెలో కార్టిలేజ్ ఉండదు. నేను దుద్దు కూడా ముట్టుకోకుండా ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఈఎన్‌టీకి పంపాను. ప్రాణానికేం కాలేదు. చెవి పైభాగం మాత్రం ఇప్పటికీ నలిపి వదిలిన కాగితంలా ఉంది. ఆ అబ్బాయి బజార్లో కనిపించినప్పుడల్లా నా చూపు ముందు ఆ చెవి మీదికే పోతుంది.

ఆ జబ్బుకు ఎక్కువగా కారణమయ్యేది సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా. తడి ఉన్న చోట బతుకుతుంది: సింకులో, కుళాయి దగ్గర, మళ్లీమళ్లీ నింపుకునే స్ప్రే సీసాలో. 2000లో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో ఒకే స్టాల్లో కుట్టించుకున్నవారిలో 7 మందికి ఈ ఇన్ఫెక్షన్ ఖాయంగా తేలింది, అన్నీ చెవి పైభాగానివే. వెతికితే అది క్రిమిసంహారక మందు పోసిన సీసాలోనే దొరికింది. అందుకే నా టేబుల్ మీద నింపుకుని వాడే సీసా ఒక్కటి కూడా ఉండదు. చర్మం తుడిచే మందు కూడా ఒక్కసారి వాడి పారేసే ప్యాకెట్టే.

చెవులు కుట్టే గన్ గురించి కూడా అడిగారు. గన్‌తో కొడితే కార్టిలేజ్ ముక్కలైపోతుందని మా వాళ్లు చాలామంది చెబుతారు. నేను ఆ మాట వాడను. 2008లో నెదర్లాండ్స్ డాక్టర్లు చనిపోయినవారి చెవుల మీద గన్‌నూ సూదినీ పోల్చి చూశారు, లోపల దెబ్బలో తేడా కనిపించలేదు. నా అభ్యంతరం వేరే. ప్లాస్టిక్ భాగాలున్న గన్‌ను ఆటోక్లేవ్‌లో, అంటే వేడి ఆవిరితో క్రిములను చంపే యంత్రంలో, పెట్టలేం. దాని దుద్దు పొట్టి, కాబట్టి వాపుకు చోటుండదు. వెనక సీతాకోకచిలుక ఆకారంలో ఉండే పట్టీ మడతల్లో చీమూ మట్టీ ఇరుక్కుంటాయి. ఈ మూడూ చాలు నేను గన్ ముట్టుకోకపోవడానికి.

మేనత్త చెవి

అన్నీ అయ్యాక వాళ్లమ్మ గొంతు తగ్గించి అసలు మాట చెప్పింది. "మా ఆడపడుచుకి చెవి కుట్టిన చోట ఉసిరికాయంత కాయ కట్టిందమ్మా. రెండుసార్లు కోయించినా మళ్లీ వచ్చింది. దీనికీ మేనత్త పోలికే."

అది కీలాయిడ్. కోసేస్తే అంతకన్నా పెద్దగా తిరిగి రావడం దాని స్వభావం. మన రంగు చర్మానికి ఆ గుణం తెల్లవాళ్లకన్నా ఎక్కువ, కుటుంబంలో ఉంటే ఇంకా ఎక్కువ. ఈ మాట విని కొందరు పియర్సర్లు వెంటనే వద్దని పంపేస్తారు. అది తప్పనను. నేను మాత్రం అమ్మాయి చర్మాన్నే అడిగి చూస్తాను. చిన్నప్పుడు వేసిన బీసీజీ టీకా మచ్చ చూశాను, పల్చగా, చదునుగా ఉంది. తమ్మెల మీద రెండేసి కన్నాలున్నాయి, రెండోది 17 ఏళ్లప్పుడు కుట్టించుకుంది, ఏ బుడిపె లేదు. మోకాలి మీద సైకిల్ మీంచి పడిన మచ్చ కూడా చదునే. ఇవన్నీ ధైర్యం ఇస్తాయి కానీ హామీ ఇవ్వవు. ఆ మాట అలాగే చెప్పాను. ఇంటికెళ్లి వారం ఆలోచించుకోమన్నాను. అమ్మాయి ముఖం చిన్నబుచ్చుకుంది కానీ వారం తిరగ్గానే మళ్లీ ముగ్గురూ వచ్చారు.

కుట్టిన రోజు

అన్నం తిని వచ్చావా అని అడగడం నా మొదటి ప్రశ్న. ఖాళీ కడుపుతో వచ్చినవాళ్లకే ఎక్కువగా కళ్లు తిరుగుతాయి. తిని వచ్చింది.

వాళ్లమ్మ బ్యాగులోంచి చిన్న బంగారు దుద్దు తీసింది, 22 క్యారెట్లది. పరాయి లోహం పచ్చి పుండులో ఎందుకు, ఇంటి బంగారం ఉండగా, అని ఆవిడ వాదన. బంగారం మంచిదే. కానీ 22 క్యారెట్ల బంగారం మెత్తన, ఊరికే గీతలు పడుతుంది, ఆ గీతలు పచ్చి కన్నాన్ని లోపల గీరుతూ ఉంటాయి. పైగా మన దుద్దుల కాడకు మర ఉంటుంది. మర ఉన్న కాడను తాజా కన్నంలోంచి లాగడమంటే ఆకురాయి లాగినట్టే. నేను వాడింది ఇంప్లాంట్ గ్రేడ్ టైటానియం, ఎఫ్ 136 అనే ప్రమాణానిది, శరీరంలో అమర్చే పరికరాలకు వాడే రకం. గిల్టు నగలకు దురద వచ్చే మనిషి కాబట్టి ఇక్కడ బేరమే లేదు. వెనక చదును బిళ్ల, నున్నటి కాడ, ముందు నొక్కితే కూర్చునే చిన్న పూస. కాడ మందం 1.2 మిల్లీమీటర్లు, పొడవు 8. చెవి మందానికి 6 సరిపోతుంది. ఆ మిగతా 2 మిల్లీమీటర్లు వాపు కోసం.

కుట్టడానికి ఒక్క సెకను. గుర్తు పెట్టడానికి నాకు 20 నిమిషాలు పట్టింది. హెలిక్స్ మడత అందరికీ ఒకలా ఉండదు. కొందరికి అంచు లోపలికి చుట్టుకుని ఉంటుంది, కొందరికి చపాతీలా చదునుగా ఉంటుంది. చదునుగా ఉంటే నేను వేరే చోటు చూపిస్తాను. ఈ అమ్మాయికి మడత బాగానే ఉంది కానీ వెనక బిళ్ల కూర్చునే చోట చిన్న మిట్ట. మొదటి చుక్క అందంగా పడింది, వెనక నుంచి చూస్తే బిళ్ల ఆ మిట్ట మీద వాలుతోంది. చెరిపేశాను. రెండో చుక్క 1.5 మిల్లీమీటర్లు కిందికి. ముందు చుక్క నుంచి వెనక చుక్కకు కాడ నిటారుగా, చర్మానికి లంబకోణంలో వెళ్లాలి, వాలితే ఆ వాలు వైపే ఒత్తిడి పడుతుంది. అద్దం ఇచ్చి, తల తిప్పకుండా చూడమన్నాను. జడ వేసుకుని చూసింది, జుట్టు వదులుకుని చూసింది. సరే అంది.

సూది పౌచ్ వాళ్ల ముందే చింపాను. ఆటోక్లేవ్‌లో 134 డిగ్రీల ఆవిరి తగిలాక దాని మీది గుర్తు రంగు మారుతుంది, అది కూడా చూపించాను. వెనక చిన్న గొట్టం ఆనించి, ఊపిరి గట్టిగా తీసుకుని నెమ్మదిగా వదలమన్నాను. వదులుతున్నప్పుడు దించాను. చర్మం దాటేటప్పుడు ఏమీ తెలియదు. కార్టిలేజ్ దాటేటప్పుడు వేలికి ఒక సన్నటి 'టిక్' తగులుతుంది, లేత మామిడిపిందెలో సూది దిగినట్టు. ఆ టిక్ ఒక్కసారే తగలాలి. ఒక్కసారే తగిలింది. సూది వెనకే కాడ వెళ్లిపోయింది, ఒకే ఒక్క రక్తపు బొట్టు.

"అయిపోయిందా అక్కా?"

అయిపోయింది. నాయనమ్మ కొంగు ముడి విప్పి బెల్లమ్ముక్క తీసి మనవరాలి నోట్లో పెట్టింది.

జాగ్రత్తలు చెప్పడంలో నేను చేయవద్దనే మాటలే ఎక్కువ చెబుతాను. తిప్పవద్దు. తమ్మె కుట్టినప్పుడు అమ్మలు రోజూ దుద్దు తిప్పమంటారు, ఇక్కడ తిప్పితే లోపల కొత్తగా కట్టిన పొర చిరిగిపోతుంది. పసుపూ కొబ్బరినూనే వద్దు, స్పిరిట్ వద్దు, దూది వద్దు, దాని పోగులు కాడకు చుట్టుకుంటాయి. రోజుకు రెండుసార్లు 0.9 శాతం సెలైన్, మెడికల్ షాపులో దొరికేది, చిన్న ప్లాస్టిక్ యాంప్యూల్స్ అయితే మేలు. పెద్ద బాటిల్ తెరిస్తే మర్నాటికి వాడొద్దు. తడిని గాజ్ గుడ్డతో అద్దాలి. మా సముద్రపు గాలికి ఇక్కడ చెమ్మ ఎక్కువ, తడిగా వదిలేసిన చెవి ఆరదు. కుడి వైపే పడుకోవాలి. అమ్మాయి ఎప్పుడూ కుడి వైపే పడుకుంటానంది, ఎడమ చెవి ఎంచుకున్నదీ అందుకే. 6 వారాలకు రా, కాడ పొట్టిది మార్చాలి అని కార్డు మీద తేదీ రాసిచ్చాను.

తొమ్మిదో వారం

రెండో వారంలో వచ్చి చూపించింది. కాస్త వాపు, ఉదయం పూట తెల్లటి పక్కు, అంతా మామూలే. ఆరో వారంలో రాలేదు. ఇంట్లో పెళ్లి, పైగా ఊరంతా ఠాకురాణి యాత్ర హడావుడి. రెండేళ్లకోసారి వచ్చే పండగ, వేషాలు చూడటానికి వీధులు కిక్కిరిసిపోతాయి. నేను ఒక మెసేజ్ పెట్టి ఊరుకున్నాను. ఫోన్ చేయాల్సింది. వాపు తగ్గాక పొడుగు కాడ ఉంచేయడం హెలిక్స్‌కు ఎంత చేటో నాకు తెలుసు, వాళ్లకు తెలియదు. ఆ రెండూ ఒకటి కాదు.

తొమ్మిదో వారం మొదట్లో వాళ్లమ్మ గొంతు ఫోన్లో వణుకుతోంది. "మేనత్తకొచ్చిందే వచ్చిందమ్మా."

చెవి వెనక, కన్నాన్ని ఆనుకుని, మిరియపు గింజంత ఎర్రటి బుడిపె. మీద తడి, పక్కు. అమ్మాయి కళ్లు ఏడ్చి ఉబ్బి ఉన్నాయి. ముందు ప్రమాదం ఉందా అని చూశాను: చెవి డిప్ప వేడిగా లేదు, కన్నానికి దూరంగా నొక్కితే నొప్పి లేదు, ఆకారం మారలేదు, జ్వరం లేదు. పెరికాండ్రైటిస్ కాదు. ఇక కీలాయిడ్ సంగతి. కీలాయిడ్ సాధారణంగా ఇంత తొందరగా రాదు, నెలలు తీసుకుంటుంది. గట్టిగా, నున్నగా ఉండి, పుండు హద్దు దాటి మంచి చర్మం మీదికి పాకుతుంది. దురద పెడుతుంది. ఇది మెత్తగా, తడిగా, కన్నం అంచునే ఉంది. పైగా ఒకే పక్కన ఉంది. పక్క నుంచి లైటు వేసి చూస్తే కాడ నిటారుగా లేదు. ముందు పూస పైకి, వెనక బిళ్ల కిందికి వాలింది. బుడిపె సరిగ్గా బిళ్ల అంచు ఒరుసుకునే చోటే లేచింది.

నేను నిటారుగా పెట్టిన కాడ వాలిందంటే రోజూ ఏదో దాన్ని ఒకే దిక్కుకు తోస్తోంది. అదేమిటో దొరక్కుండా దుద్దు మార్చినా, మందు రాసినా వారం మురిపెమే.

అడగడం మొదలుపెట్టాను. పడక? కుడి వైపే, పక్కన పడుకునే నాయనమ్మే సాక్షి. ఫోన్? ఇయర్‌ఫోన్లు, అదీ కుడి చెవికే. దువ్వెన? తలనూనె? వాళ్లమ్మ నెలకు రెండుసార్లు తలంటుతుంది, చెవికి గుడ్డ కప్పి. నాయనమ్మ ఒకసారి పసుపు రాసిందట, ఒక్కసారే. ఇవేవీ కాడను ఒకే వైపుకు వాల్చలేవు. పావుగంట గడిచింది. నాకు ఏమీ తోచక, పొద్దున లేచినప్పటి నుంచి ఏం చేస్తావో చేసి చూపించమన్నాను. ముఖం కడుక్కోవడం, జడ, బొట్టు, చున్నీ. తర్వాత బల్ల మీదున్న హెల్మెట్ తీసి తలకు పెట్టుకుంది.

అక్కడ ఆపాను. మళ్లీ పెట్టుకో, నెమ్మదిగా, అన్నాను.

కొత్త హెల్మెట్, బిగుతుగా ఉంది. రెండు చేతులతో వెనక నుంచి ముందుకు లాగి పెట్టుకుంటోంది. లోపలి స్పాంజి ఎడమ చెవి పై అంచును పట్టుకుని ముందుకు మడిచి, తల లోపలికి దిగాక వదిలేస్తోంది. తీసేటప్పుడు ఒక పక్కకు వంచి తీస్తుంది, అప్పుడు అదే చెవి పైకి సాగుతోంది. తీసిన వెంటనే చూస్తే పూస ముందుకన్నా పైకి ఎక్కి ఉంది. రోజుకు నాలుగుసార్లు పెట్టి తీస్తుంది. తొమ్మిది వారాలు. 2 మిల్లీమీటర్ల ఖాళీ ఉన్న కాడ ఆ ఖాళీలో వంగుతూ వంగుతూ కన్నాన్నే వాల్చేసింది. కాడ ఆరో వారంలో పొట్టిదయి ఉంటే ఇంత వాలేది కాదు. హెల్మెట్ గురించి మొదటి రోజే అడిగి ఉంటే ఇదంతా ఉండేది కాదు.

చేసింది మూడు పనులు. 8 మిల్లీమీటర్ల కాడ తీసి 6ది వేశాను. ఇది ఇంట్లో చేసుకునే పని కాదు, తీసిన నిమిషాల్లోనే పచ్చి కన్నం ముడుచుకుపోవచ్చు, నేను సన్నటి పిన్ను దారిగా పెట్టి మార్చాను. రెండు, 3 వారాలు స్కూటీ వద్దు, ఆటోలో వెళ్లు అన్నాను. హెల్మెట్ లేకుండా నడుపుతానని అమ్మాయి బేరం పెట్టింది. కుదరదని గట్టిగా చెప్పాను, తల కన్నా చెవి ముఖ్యం కాదు. మూడు, హెల్మెట్ పెట్టే పద్ధతి మార్చాం: రెండు పట్టీలు బయటికి వెడల్పుగా లాగి పట్టుకుని, తిన్నగా పైనుంచి దించడం, తీసేటప్పుడూ అలాగే తిన్నగా పైకి ఎత్తడం. అక్కడే పదిసార్లు చేయించాను. బుడిపె మీద రాయమని ఏ మందూ ఇవ్వలేదు. టీ ట్రీ ఆయిల్, ఆస్పిరిన్ ముద్ద లాంటివి జనం రాస్తుంటారు, అవి పచ్చి చర్మాన్ని కాల్చడం తప్ప చేసేదేమీ లేదు.

గడువు కూడా చెప్పాను. 4 వారాల్లో తగ్గుముఖం పట్టకపోయినా, ఎప్పుడైనా కన్నం హద్దు దాటి పెరిగినా, నేను చూడను, స్కిన్ డాక్టర్ దగ్గరికే. వాళ్లమ్మ అంతవరకు ఆగలేకపోయింది, రెండో వారంలోనే తీసుకెళ్లింది. మంచి పనే చేసింది. డాక్టర్ చూసి, కీలాయిడ్‌లా లేదు, ఒరిపిడి వల్ల లేచినది, ఆగి చూద్దాం, నిజంగా కీలాయిడ్ అయితే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఉంది అన్నారట. ఆ మాటతో ఆ ఇంట్లో నిద్రపట్టింది.

పదకొండో వారానికి తడి ఆరింది. పదమూడుకు సగమైంది. నాలుగో నెల చివర వేలితో తడిమితే తప్ప తెలియలేదు. ఆరో నెలలో విశాఖ రైల్లో రాత్రంతా ఎడమ వైపు పడుకుని నాలుగు రోజులు నొప్పి తెచ్చుకుంది, సెలైన్‌తోనే తగ్గింది. గోపాలపూర్‌లో స్నేహితులతో సముద్రంలో దిగొచ్చా అని అడిగింది, మోకాళ్ల వరకే అన్నాను.

ఇప్పుడు అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే హెల్మెట్ వెంట తెమ్మంటున్నాను. గుర్తు పెట్టాక, కుట్టకముందే, ఒకసారి పెట్టించి తీయించి చూస్తాను. స్పాంజి ఎక్కడ ఆనుతుందో చూసి రెండుసార్లు చుక్క జరిపాను కూడా. ఒకరికి హెల్మెట్ బదులు స్టెతస్కోప్, ఇంకొకరికి కళ్లద్దాల కాడ. రోజంతా ఆ చెవికి ఏం తగులుతుందో అదీ నేను వెతుకుతున్నది. ఆరో వారం తేదీ దాటితే మెసేజ్ కాదు, ఫోనే చేస్తున్నాను.

పదకొండో నెల

పక్కు లేదు, నీరు లేదు, కాడ లోపల స్వేచ్ఛగా కదులుతోంది. కన్నం అంచు లోపలికి మడిచి కుట్టిన గుడ్డ అంచులా నున్నగా ఉంది. వాలు కొంచెం మిగిలింది. అమ్మాయికి కనిపించదు, నాకు కనిపిస్తుంది.

ఆ రోజు నాయనమ్మ కాగితం పొట్లం తెచ్చింది. అందులో ఆవిడ బావిలీ, జతలో ఒకటే మిగిలింది, రెండోది ఎప్పుడో అవసరానికి కరిగించారట. ముత్యాలు రెండు రాలిపోయినా మిగతావి గట్టిగానే ఉన్నాయి. మనవరాలికి పెట్టమంది. కొలిచాను. కాడ మందం 1.6 మిల్లీమీటర్లు, 22 క్యారెట్లు, చివర మర. కన్నం 1.2. కార్టిలేజ్ కన్నాన్ని బలవంతంగా సాగదీయడం నేను చేయను. నాయనమ్మ ముఖం చూసి కాదనలేక, కాడ ఒక్కటే మార్పిద్దాం అన్నాను. కాడ కొత్తది, 18 క్యారెట్లు, 1.2 మందం, మర లేకుండా నున్నగా, పై నగ పాతదే. ఇదంతా చీటీ మీద రాసిచ్చాను. బరువు ఎక్కువ కాబట్టి ఏడాది నిండాక, అదీ పండగ పూట రెండు మూడు గంటలే.

సాయంత్రం వాళ్ల కంసాలి ఫోన్ చేశాడు. "అమ్మా, మందం రాశారు, పొడవు రాయలేదు. కాడ ఎంత పొడవు పెట్టమంటారు?"

చెవి మళ్లీ కొలవాలి, అమ్మాయిని రేపు పంపమని చెప్పాను.